మూడో నెంబరు సీసా

ఆ ఆదివారం టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ల్యాబు నుంచి మనిషి వస్తాడు, పది నిమిషాల్లో ఇంట్లో నలుగురి రక్తమూ తీసుకుని పోతాడు, ఏడుంబావుకు అందరూ టీ తాగుతారు, ఎనిమిదింటికల్లా తను మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలకు అంచులు కుట్టడం మొదలుపెడుతుంది. నలభై జతలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఇందులో తేడా రావడానికేముంది అనుకుంది.

అసలీ పరీక్ష ఆలోచన ఆవిడ అన్నయ్యది. కిందటి నెలలో ఆయనకు షుగరు బయటపడింది. నాన్నకుండేది, నాకొచ్చింది, నువ్వూ చూపించుకో అని రోజూ ఫోను చేసి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఒక్కతే చూపించుకుంటే ఇంట్లో ఒక్కతే రోగిష్టిదైపోతానని, ఆవిడ నలుగురి పేర్లూ ఇచ్చేసింది.

అత్తగారు మాత్రం సులభంగా లొంగలేదు.

"మా వైపు అలాంటివి లేవమ్మాయ్. మా వాళ్ళంతా ఒంట్లో నలత అన్నది ఎరగకుండా, పళ్ళు కూడా ఊడకుండా పోయారు. మీ పుట్టింటి జబ్బుకి మా నెత్తురెందుకు?"

"ఊరికే చూస్తారత్తయ్యా. చూస్తే రాదు కదా," అంది టైలరమ్మ.

ఆవిడ గట్టిగా అనలేని సంగతి ఒకటి ఆ మాట వెనక ఉంది. వాళ్ళ నాన్న కూడా దర్జీయే. షుగరు ఆయన కళ్ళలోకి పాకింది. చివరి రోజుల్లో సూదిలో దారం ఎక్కించలేక, పదేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయన దారం చివర తడిపి ఇస్తే, ఈవిడ ఎక్కించి ఇచ్చేది. ఆయన పోయాక మిషను ఆవిడకే వచ్చింది, కత్తెరా వచ్చింది. ఇంకేం వచ్చిందోనన్న బెంగ ముప్పై ఆరేళ్ళుగా లోపల ఓ మూల కూర్చునే ఉంది.

ల్యాబు నుంచి వచ్చినాయన పెద్దవాడు, అనుభవం ఉన్న చెయ్యి. దోమ కుట్టినంత కూడా తెలియలేదు. ముందు టైలరమ్మ భర్త ఇచ్చాడు. ఆయన లిఫ్టు మెకానిక్. తల దువ్వుకోకుండా రక్తం ఇవ్వనని భీష్మించుకున్న అత్తగారు రెండోది. మూడు కూతురు. తపాలా కార్యాలయంలో స్టాంపుల కౌంటర్లో చేస్తుంది. నాలుగు టైలరమ్మ, ఇంట్లో అన్నింటికీ చివరే కాబట్టి. సీసాలు నిలబెట్టే స్టాండును ఆయన అంతకు ముందు వెళ్ళిన ఇంట్లో మరిచిపోయి రావడంతో, నాలుగు సీసాలనూ టైలరమ్మ దారం చుట్టుకునే బాబిన్ల డబ్బాలోని గుంటల్లో నిలబెట్టారు.

తీరా పేర్లు అంటించబోతే స్టిక్కర్లు అయిపోయాయి. పెన్ను గాజు మీద రాయడం లేదు. ఆయన తల గోక్కుంటుంటే టైలరమ్మ నవ్వింది.

"పేర్లెందుకండీ, నెంబర్లు చాలు. ఇరవై రెండేళ్ళుగా నెంబర్లే కడుతున్నా. ఒకరి లాగు ఒకరికి పోలేదు."

లోపలికెళ్ళి, బట్టలకు కట్టే గుడ్డ చీటీలు తెచ్చి, ఒకటి నుంచి నాలుగు దాకా వరసగా సీసాల మెడకు దారంతో ముడేసింది. దర్జీ ముడి, కత్తెర పెడితే తప్ప రాదు. ఆయన నెంబర్లూ టైలరమ్మ ఫోను నెంబరూ రాసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు. ఏ నెంబరు ఎవరిదన్నది మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు. ఇంట్లో ఉన్నది నలుగురు. ఆ మాత్రం గుర్తుండదా?

అందరికీ గుర్తుంది, అదే వచ్చిన చిక్కు. వరసలో ఇచ్చాం కాబట్టి మూడు కూతురిది అని టైలరమ్మకు గుర్తు. చీటీలు కట్టే సమయంలో వంటింట్లో టీ పెడుతున్న భర్త ఆ వరస చూడలేదు. వాళ్ళింట్లో వేన్నీళ్ళ దగ్గర్నుంచి వార్తాపత్రిక దాకా అన్నీ పెద్దవాళ్ళ నుంచే మొదలవుతాయి కాబట్టి, రక్తం ముందు తనే ఇచ్చినా నెంబర్లలో అమ్మ ఒకటి, తను రెండు, భార్య మూడు అని ఆయన లెక్క. ఇక అత్తగారు, కోడలు చీటీల కోసం లోపలికెళ్ళినప్పుడు సీసాలను ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుగులో పెట్టి, ఎవరి నెత్తురు ఎర్రగా ఉందో చూసింది. తనదే బాగుందని తేల్చుకుని, దాన్ని తెచ్చి మూడో గుంటలో పెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మర్నాడు మధ్యాహ్నం మిషను పక్కనున్న ఫోనుకు మెసేజీ వచ్చింది. మూడు నెలల చక్కెర సగటు: ఒకటో నెంబరు 5.4, రెండు 5.5, మూడు 6.2, నాలుగు 5.3. మూడో నెంబరు వారు డాక్టరును కలవగలరు.

టైలరమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నాన్న నుంచి తనకు, తన నుంచి పిల్లకు. తనకు రాకుండా తనని దాటుకుని మరీ వెళ్ళింది. మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది. పిల్లకింకా ఇరవై మూడేళ్ళు. ఇప్పట్నుంచీ దాని నెత్తిన ఈ బరువెందుకు, చెప్పకుండానే దారికి తెచ్చుకుంటాననుకుంది. సాయంత్రం అందరూ ఇల్లు చేరాక, "రిపోర్టులొచ్చాయి. అందరివీ బాగానే ఉన్నాయట," అంది.

ఆవిడకు తెలియనిదేమిటంటే, ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తున్నప్పుడు ఆ మెసేజీని మరో ఇద్దరు చదివేశారు. తన రోగాన్ని మనసులోనే దాచుకుని అందరినీ సంతోషపెట్టాలని చూస్తోంది, పిచ్చిది అనుకున్నాడు భర్త. నా పరువు కాపాడ్డానికి అబద్ధమాడింది, ఎంతైనా మంచి కోడలు అనుకుంది అత్తగారు. ఒక్క అబద్ధానికి ఇద్దరి కళ్ళూ చెమ్మగిల్లాయి. కూతురొక్కతే, "మనకేం ఉండదని నాకు ముందే తెలుసు," అని టీవీ పెట్టుకుంది.

మర్నాడు టైలరమ్మ వీధి చివరున్న డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, తెలిసినవాళ్ళ అమ్మాయికని చెప్పి విచారించింది. ఇది జబ్బు కాదు, జబ్బు గుమ్మంలో నిలబడ్డట్టు అందావిడ. రోజూ బాగా నడవాలి, తీపి తగ్గించాలి, మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఎంతోమందికి గుమ్మంలోంచే వెనక్కి పోతుందని ధైర్యం చెప్పింది.

ఆ రోజు నుంచీ కూతురు ఉద్యోగానికి నడిచి వెళ్ళడం మొదలైంది. బస్సులో ఊపిరాడదని తల్లి ఓ సాకు కనిపెట్టింది. పిల్ల ఎక్కడ బస్సెక్కేస్తుందోనని రోజూ తపాలా కార్యాలయం మెట్ల దాకా తనే తోడు వెళ్ళింది. అరగంట పోను, అరగంట రాను. ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కడం తప్ప వేరే నడక ఎరగని కాళ్ళు మొదటి వారం బొబ్బలెక్కాయి. కూతురు ఒకటి రెండు సార్లు అనుమానంగా చూసింది.

సాయంత్రాలు భర్త వంతు. పొట్ట పెరిగింది, నడుద్దాం, ఒక్కణ్ణే నడవాలంటే విసుగు, నువ్వూ రా అని మొదలుపెట్టాడు. పొద్దున్నే గంట నడిచొచ్చిన టైలరమ్మకు కాళ్ళు లాగేస్తున్నాయి.

"రోజంతా మేడల్లో తిరిగే మనిషి, పొట్ట పెరిగితే మెట్లెక్కి పనిచేసుకోవచ్చుగా? నన్నెందుకు తిప్పడం?"

తన పొట్ట బెంగ నిజమైనదేనని నిరూపించుకోక తప్పలేదాయనకు. మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సాయంత్రం భార్యనీ వదల్లేదు. పాపం, వెంట లేకపోతే ఈయన నడవడని ఆవిడ, వెంటపడకపోతే ఈవిడ నడవదని ఆయన, ఒకరి మంచి కోసం ఒకరు రొప్పుతూ ఊరంతా చుట్టబెట్టారు.

ఇక వంటింట్లో చక్కెర డబ్బా కథ వేరు. టీ టైలరమ్మ పెడితే పిల్ల కోసం చక్కెర వెయ్యడం మానేసింది. భర్త పెడితే భార్య కోసం మానేశాడు. అత్తగారు పెడితే తనకోసం మానేసింది. ముగ్గురూ ఎదుటివాళ్ళు గమనించలేదనుకుంటూ, చప్పటి టీని చప్పరించి, "ఇవాళ భలే కుదిరింది," అని మెచ్చుకునేవాళ్ళు. వెయ్యని చక్కెర డబ్బాలో తేమకు గడ్డకట్టి రాయైపోయింది. అత్తగారు పొద్దున్నే పెరట్లో చుట్లు తిరగడం మొదలెట్టింది. అడిగితే పూలమొక్కలకు తోడు అంది. పెరట్లో ఉన్నవి రెండే మొక్కలు.

రెండు నెలలు గడిచేసరికి భర్త ప్యాంట్లు నడుము దగ్గర రెండంగుళాలు, అత్తగారి జాకెట్లు అంగుళమున్నర, కూతురి చుడీదార్లు అంగుళం లోపలికి కుట్టింది టైలరమ్మ. ఆవిడవే వదులుగా ఉండిపోయాయి. సొంత బట్టలకు ఏ దర్జీకి తీరిక దొరికింది గనక? ఇంతమంది ఒక్కసారే ఎందుకు చిక్కారని కూడా ఆలోచించలేదు. నడుస్తున్నాం, చిక్కాం అనుకుంది.

ముసలం బయల్దేరింది తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో. ఆ భవనం లిఫ్టుల బాధ్యత భర్తది. ఆయన ఖాకీ చొక్కా వీపు మీద 'లిఫ్టు విభాగం' అని పెద్దక్షరాలతో కుట్టింది టైలరమ్మే. మైలు దూరానికి కనబడుతుంది. ఆ చొక్కాతో ఆయన రోజూ లిఫ్టు దగ్గరికి వచ్చి, దాన్నోసారి చూసి, నిట్టూర్చి, మెట్ల వైపు నడవడం జనం చూశారు. మొదట ఇద్దరు ఆయన వెనకాల మెట్లెక్కారు. వారంలో నాలుగో అంతస్తు మొత్తం మెట్లెక్కింది. ఎనిమిదో అంతస్తు గుమాస్తా ఒకాయన పట్టుకుని అడిగాడు: "దాచకుండా చెప్పండి. తీగ ఎప్పుడు తెగుతుంది?" తీగ గట్టిగానే ఉందని, తనకే పొట్ట ఉందని ఈయన చెప్పాడు. ఈ మాట తొమ్మిదో అంతస్తు చేరేసరికి, లిఫ్టు తెగిపోతుందని తెలిసినా చెప్పొద్దని ఆయనకు పైనుంచి ఆదేశాలున్నట్టయింది. మేనేజరు పిలిపించి, ఇకపై జనం చూస్తుండగా రోజుకు పదిసార్లు లిఫ్టులో తిరగాలని, తిరిగేటప్పుడు నవ్వుతూ ఉండాలని కాగితం మీద రాసిచ్చాడు.

అదే వారంలో టైలరమ్మ అన్నయ్య చూడ్డానికి వచ్చాడు. నాకు చక్కెర లేకుండా ఇవ్వు చెల్లీ, మిగతావాళ్ళకు నీ ఇష్టం అని వంటింట్లోకి తొంగిచూస్తే, ఎవరి గ్లాసులోనూ చక్కెర పడలేదు. డబ్బా మూత తీస్తే చెంచా దిగని రాయి. చెల్లెలి బట్టలు ఒంటి మీద వేలాడుతున్నాయి. మేనకోడలు బస్సు మానేసిందట. బావను మేనేజరు పిలిపించి కాగితం ఇచ్చాడట. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఆదివారం పొద్దున్నే ఆటో దిగాడు. భుజాన పది కిలోల బస్తా. దాన్ని హాలు మధ్యలో దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పరాయివాణ్ణనుకోకండి బావగారూ. ఉద్యోగాలు ఇవాళ పోతాయి, రేపొస్తాయి. ఇది చక్కెర. మా ఇంట్లో ఎలాగూ నాకు పడదు."

షుగరున్న మనిషి చక్కెర మోసుకొచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం అత్తగారు కుర్చీలోంచి లేచింది. తన కొడుకింట్లో చక్కెరకు గతి లేదని కోడలి పుట్టింటివాళ్ళు బస్తా తేవడమంటే, ఆవిడ పాలిట అది ఇల్లు తగలబడ్డంత అప్రతిష్ఠ.

"చక్కెర కొనలేక మానలేదు నాయనా," అంది ఆవిడ. "నాకొచ్చింది. మూడో నెంబరు నేనే. కోడలు నా పరువు కోసం దాచింది. ఇక దాచి లాభం లేదు."

కొడుకు బస్తా దాటుకుని ముందుకొచ్చాడు.

"నువ్వేంటమ్మా?" అన్నాడు కొడుకు. "మూడు ఇది. పిచ్చిది రెండు నెలలుగా లోపల్లోపలే కుమిలిపోతోంది. నాకు పొట్టేమీ లేదు, దీన్ని నడిపించాలనే నాటకం."

"నేనా?" అంది టైలరమ్మ. "నాది నాలుగండీ. మూడు..." అని నోరు మూసుకుంది. అప్పటికే అందరూ ఆవిడ కళ్ళు చూసిన వైపు చూశారు.

కూతురు చేతిలో దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనా? అందుకా నా వెంట రోజూ వచ్చింది? నేనెవర్నో ప్రేమిస్తున్నానని అనుమానపడి నువ్వు కాపలా కాస్తున్నావనుకున్నానే అమ్మా. వాడెవడో నాకే తెలీక చస్తున్నా."

టైలరమ్మకు నవ్వు రాలేదు. కూతురి దగ్గరికెళ్ళి దాని భుజం మీద చెయ్యి వేసింది.

"మా నాన్న ఇచ్చిందే నీకిచ్చాననుకున్నాను. మిషను ఇద్దామనుకున్నా గానీ, ఇది కాదు."

అప్పుడు అత్తగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, చీటీలకు ముందు సీసాలు తను కదిపిన సంగతి, బాగా ఎర్రగా కనబడ్డదాన్నే తనదనుకుని మూడో గుంటలో పెట్టిన సంగతి బయటపెట్టింది. ఇంకో సంగతి కూడా చెప్పింది, అది చెప్పడానికి మాత్రం ఆవిడకు చాలాసేపు పట్టింది.

"మీ నాన్నే ఇచ్చాడని ఏముందిలే అమ్మాయ్. మా అక్కకుండేది. మా అమ్మకూ ఉండేదేమో. మా ఇంట్లో దాన్ని బలహీనత అనేవాళ్ళం. పేరెత్తకపోతే గడప తొక్కదనుకున్నాం."

పెళ్ళయిన పాతికేళ్ళలో అత్తగారి నోట 'మా వైపు కూడా' అన్న మాట వినడం టైలరమ్మకు అదే మొదటిసారి. ముప్పై ఆరేళ్ళ బెంగలో సగం బరువును ఎవరో ఆ వైపు నుంచి ఎత్తి పట్టుకున్నట్టనిపించింది.

కూతురు ఫోను తీసుకుని పాత మెసేజీ రెండుసార్లు చదివింది. కౌంటరు వెనక కూర్చునే గొంతుతో తీర్పు చెప్పింది.

"అడ్రసు లేని ఉత్తరం ఇది. నాన్నమ్మ కదిపిన సీసాలు, అమ్మ కట్టిన చీటీలు, నాన్న వేసిన లెక్క. ఎవరిదైనా కావచ్చు. మీరు ముగ్గురూ తలా ఒకళ్ళకి బట్వాడా చేసేశారు. పదండి, మళ్ళీ ఇద్దాం. ఈసారి పేర్లతో."

మూడు నెలలు నిండగానే నలుగురూ డాక్టరమ్మ పనిచేసే ఆసుపత్రికి వెళ్ళారు. అన్నయ్య కూడా వచ్చాడు, జరిగిన దాంట్లో తన బస్తాకూ భాగం ఉందని. భర్త పని మధ్యలోంచి ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. కొత్త రిపోర్టులు ముందు పెట్టుకుని డాక్టరమ్మ ఒక్కొక్కరి మొహం చూసి, కళ్ళజోడు తీసింది.

"తెలిసినవాళ్ళమ్మాయికి ఆరు పాయింటు రెండన్నది మీరు. స్నేహితుడి భార్యకి ఆరు పాయింటు రెండన్నది మీరు. పక్కింటి పెద్దావిడకి ఆరు పాయింటు రెండన్నది మీరు. వీధంతా ఒకే అంకె ఏమిటా అని నేను బెంగపెట్టుకున్నాను."

తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురూ నేల చూశారు. ఇంతకీ ఇప్పుడెంతుందని టైలరమ్మ అడిగింది. అడిగేటప్పుడు కూతురి చెయ్యి పట్టుకుంది.

నలుగురిదీ అయిదున్నర లోపే. మూడో నెంబరు ఎవరిదో గానీ, గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎవరిదో ఇక తెలీదా?" అన్నాడు భర్త.

"తెలిసుంటే ఆ ఒక్కరే నడిచేవారు," అంది డాక్టరమ్మ. "మిగతావాళ్ళు బెంగపడేవాళ్ళు."

మరి వంశం సంగతేమిటని టైలరమ్మ అడిగింది. అది ఒకరు ఇచ్చేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఏ ఒక్క జన్యువో కాదు, చిన్నవి బోలెడు ఉంటాయి. తల్లి సగం ఇస్తుంది, తండ్రి సగం ఇస్తాడు. ఒక వైపు ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది, రెండు వైపులా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఒంట్లో ఉండి కూడా కొందరిలో బయటపడదు, వాళ్ళ పిల్లల్లో పడొచ్చు. అవకాశమంటే ఖాయమని కాదు. అలాగని మీ ఇంట్లో ఎవరూ నడక మానకండి, ఏటా పరీక్ష మరవకండి అంది.

టైలరమ్మ రిపోర్టు కాగితాన్ని గుడ్డలా వేళ్ళ మధ్య తడిమి చూసింది.

"అంటే తడిస్తే కుంచించుకుపోయే గుడ్డన్నమాట. ముందే తెలిస్తే పేచీ లేదు. తడిపి ఆరేసి, అప్పుడు కత్తిరించుకుంటాం."

"ఇరవై ఏళ్ళుగా నేను చెప్తున్నా, ఇంత బాగా చెప్పలేదు," అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక అత్తగారు నడుము నిటారుగా పెట్టింది. ఒప్పుకున్నదంతా ఒప్పుకున్నట్టే, కానీ ఒక్క సంగతి తేల్చకుండా ఇల్లు చేరేలా లేదు.

"వచ్చే గుణం రెండు వైపులదీ కావచ్చు. ఇంత తొందరగా పోయిందంటే మాత్రం అది మా వైపుదే."

కూతురు నాన్నమ్మ చెయ్యి పట్టుకుంది, టైలరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. అన్నయ్య అలవాటు కొద్దీ లిఫ్టు మీట నొక్కబోతే భర్త ఆపాడు. దిగాల్సింది మూడే అంతస్తులు. ఆయన లిఫ్టు వైపు ఓసారి చూసి, హాయిగా నిట్టూర్చి, అందరినీ మెట్ల వైపు నడిపించాడు.

లిఫ్టు కోసం అప్పటికే నిలబడి ఉన్న ఏడుగురు ఆయన వీపు మీది అక్షరాలు చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మారుమాట లేకుండా మెట్లు దిగడం మొదలుపెట్టారు.